గోడ లోపలి వైరు

కుట్టుగది,
సోమవారం

ఒరేయ్ ఫ్యూజూ,

నీ అక్షరం చూసి రెండు నెలలైంది. సొరంగాల్లో పనిచేసేవాళ్లకి తారీఖులు తెలియవంటారు, నిజమేనేమో. ఇక్కడ స్కూళ్లు తెరిచే ముందు యూనిఫారాలన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. మిషన్ మీంచి కాలు తియ్యడం లేదు.

ఒక పని మీద రాస్తున్నాను. స్నానాల గదిలో కరెంటు షవర్ పెట్టిద్దామని ఉంది. ఇప్పుడున్న గీజర్‌లా నీళ్లు నిలవ చేసుకోదట. వచ్చే నీటిని వచ్చినట్టే వేడిచేసి వదులుతుందట. కొట్టుకి వెళ్లి చూసొచ్చాను. ఎనిమిదిన్నర కిలోవాట్లని రాసుంది. పక్క వీధిలో ఎలక్ట్రీషియన్ అమ్మాయి ఒకతె ఉంది, శ్రద్ధగా చేస్తుందని పేరు. పిలిచి చూపించాను.

"షవర్ సంగతి తర్వాత అమ్మా, ముందు వైరు సంగతి చెప్పండి. ఇది మీ గీజర్‌కి మూడింతలు లాగుతుంది. సన్న వైరైతే గోడలోనే కాలిపోతుంది" అంది.

"మా తమ్ముడు వేసిన వైరమ్మా. పది స్క్వేర్ లావు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఏమో, ఆ అమ్మాయి నవ్వేసింది.

గొప్పగా ఎందుకు అనను? మీ బావ కట్టిన గోడలు, నువ్వు వేసిన వైర్లు, నేను కుట్టిన కర్టెన్లు. బయటివాళ్ల చెయ్యి పడని ఇల్లని పదేళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. తొమ్మిదేళ్ల వయసులో వీధి వీధంతా చీకటి చేసి ఫ్యూజు అని పేరు తెచ్చుకున్నవాడివి, ఒక్కడివే నిలబడి చేసిన మొదటి పని మా ఇల్లు. స్నానాల గది వైరు చూపించి, "అక్కా, దీనికి రేపు ఏం తగిలించినా నవ్వుతూ మోస్తుంది" అన్నావు.

అదే మాట కాగితం మీద రాసి పంపు. ఆ అమ్మాయికి చూపించి పని మొదలుపెట్టిస్తాను. మీ బావకి ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది. స్నానానికి చాలాసేపు పడుతోంది, సగంలో గీజర్ నీళ్లు అయిపోతున్నాయి. అందుకే ఈ గోలంతా. కంగారు పడేదేం లేదు.

మీ అక్క

*

సొరంగం క్యాంపు, నాలుగో షెడ్డు,
శుక్రవారం

అక్కా,

ఉత్తరం ఇవాళే చేరింది. ఈ లోయలో ఫోను పలకదు. వెనక కొండ మీదికి గంటసేపు ఎక్కితే ఏదో గురగురమంటుంది. సరుకుల లారీ మంగళవారం, శుక్రవారం కిందికి దిగుతుంది. మా ఉత్తరాలూ ఖాళీ గ్యాసు బండలూ అందులోనే ప్రయాణం.

నువ్వడిగినదానికి జవాబు. ఎనిమిదిన్నర కిలోవాట్లంటే ముప్ఫై ఏడు ఆంపియర్లు. అంత కరెంటు ఆగకుండా పారితే ఏ వైరైనా వేడెక్కుతుంది. ఎంత వేడెక్కుతుందనేది దాని లావుని బట్టి, అది గాలిలో ఉందా గోడలో పూడ్చి ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరు స్క్వేర్ చాలనేవాళ్లుంటారు. కాగితం మీద చాలుతుంది కూడా. కానీ మీ బోర్డు దగ్గర్నుంచి స్నానాల గదికి పదిహేను మీటర్లు, అదీ గోడ లోపల. పుట్టిన వేడి బయటికి పోయే దారి లేదు. కాబట్టి పది స్క్వేరే వెయ్యాలి. దానికి విడిగా నలభై ఆంపియర్ల బ్రేకర్, అంతకు మించితే దానంతటదే పడిపోయేది. ఆ లైను మీద ఇంకేదీ తగిలించకూడదు. షాక్ తగిలితే టక్కున ఆపేసే స్విచ్చి తప్పనిసరి. గదిలో తడిచెయ్యి తగలకుండా పైకప్పుకి తాడు లాగే స్విచ్చి.

ఇంకో సంగతి. పాత వైరు వాడొద్దు. కొత్తది తెప్పించి గోడ పైనుంచే గొట్టంలో బిగించమను. పదేళ్లయింది కదా, వైరు మీది తొడుగు పాతబడుతుంది. చూడ్డానికి బాగోదని గొణుక్కుంటావని తెలుసు. గోడ రంగే గొట్టానికీ వేసుకో, కనబడదు.

అవునూ, బావ స్నానానికి అంతసేపేం చేస్తున్నాడు? ఒళ్లంతా సిమెంటుతో లోపలికెళ్లి అయిదు నిమిషాల్లో బయటికొచ్చే మనిషి. అడిగానని చెప్పు.

నీ ఫ్యూజు

*

కుట్టుగది,
బుధవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆ అమ్మాయికి చదివి వినిపించాను. లెక్కంతా ఒప్పుకుంది. పాత వైరు వద్దన్న దగ్గర ఆగింది. బోర్డు విప్పి చూసింది, స్నానాల గది వైపు విప్పి చూసింది. రెండు చివర్లా పది స్క్వేరే. మీటరు పెట్టి కొలిచింది. "మీ తమ్ముడు గట్టి పనివాడమ్మా. ఇలాంటి వైరు ముప్ఫై ఏళ్లుంటుంది. ఇంత మంచిది లోపల పెట్టుకుని గోడ మీద గొట్టమెందుకు?" అంది. నాకూ అదే అనిపించింది.

మీ బావ సంగతి అడిగావు. ఇంక దాచి లాభం లేదు. నాలుగు నెలల కిందట, ఏ పరంజా మీదా కాదు, ఇంట్లోనే, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి రాలేదు. మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలంటే మాట దొరకదు. ఎడమచేత్తో రాయమని పలక ఇస్తే గీతలొస్తున్నాయి తప్ప అక్షరం రావడం లేదు. నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట, "వద్దు". అన్నం పెడితే వద్దంటూనే తింటారు. దుప్పటి కప్పితే వద్దంటూనే దగ్గరికి లాక్కుంటారు.

ఎందుకు చెప్పలేదంటావు. మొదట్లో, చెప్తే నువ్వు పని వదులుకుని పరుగెత్తుకొస్తావనుకున్నాను. తర్వాత ఇంకో భయం పట్టుకుంది, చెప్పినా రావేమోనని. ఈ ఇల్లు కట్టినప్పటినుంచీ మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. నువ్వు చెప్పవు, ఆయన చెప్పరు. మధ్యలో నేను వాతావరణం గురించి మాట్లాడతాను.

పోయిన నెల గీజర్ నీళ్లు కుడి భుజం మీద పోశాను. ఆ వైపు ఆయనకి వేడి తెలియదని నాకు తట్టలేదు. కదలకుండా కూర్చున్నారు. తుడుస్తుంటే బొబ్బలు కనబడ్డాయి. ఈ షవర్‌కయితే వేడి ఎంతని పెట్టుకుంటే అంతకు మించి రాదట. అందుకే పట్టుపట్టాను.

ఆయనకేమో ఇష్టం లేదు. ఆ అమ్మాయి బోర్డు విప్పినప్పటినుంచీ నడవాలోకి వచ్చి నిలబడి, ఎడమచేత్తో గోడ మీద కొడుతున్నారు. "వద్దు, వద్దు." ఏం చెయ్యను? ఆయన వద్దనని వస్తువంటూ ఈ ఇంట్లో లేదు.

మీ అక్క

*

నాలుగో షెడ్డు,
మంగళవారం

అక్కా,

నాలుగు నెలలు. నేనిక్కడ కూర్చుని బావ స్నానం మీద జోకులు రాశాను.

లారీ ఇంకో పావుగంటలో వెళ్లిపోతుంది, అందుకే గబగబా రాస్తున్నాను. బావ గోడ మీద సరిగ్గా ఎక్కడ కొడుతున్నాడు? ఎంత ఎత్తులో? తలుపు దగ్గరా, బట్టల అలమర దగ్గరా? చూసి రాయి. ఇదెందుకని అడక్కు.

ఆ వైరుకి షవర్ తగిలించొద్దు. ఆ గోడ వెనకాల నీళ్ల గొట్టం పోతుంది, లోపలికి చెమ్మ దిగి ఉంటుంది. తడి గోడలో అంత కరెంటు మంచిది కాదు. ఆ అమ్మాయిని ఆగమను. నేను సెలవు అడుగుతాను. కొండ అవతలి వైపునుంచి కూడా తవ్వుతున్నారు, రెండు దారులూ కలిసేదాకా ఎవరినీ కదలనివ్వడం లేదు. అయినా అడుగుతాను. ఆగమను.

బావకి ఫిజియోథెరపీ చేయిస్తున్నావా? నువ్వు ఏమైనా తింటున్నావా?

తమ్ముడు

*

కుట్టుగది,
సోమవారం

తమ్ముడూ,

ఆగడం కుదరదు. షవర్ డబ్బా ఇంటికి వచ్చేసింది. శనివారం బిగిస్తున్నారు.

మీ బావ కట్టిన గోడలో చెమ్మా? ఆ మాట ఆయన ముందు అని ఉంటే ఎడమచేత్తోనే ఒకటి తగిలించేవారు. ఆ అమ్మాయి తట్టి చూసింది, ఎండిన కొబ్బరిచిప్పలా పొడిగా మోగుతోంది. మొదటి ఉత్తరంలో వైరు పాతదన్నావు. రెండోదాంట్లో గోడ తడిసిందన్నావు. చొక్కా కుట్టలేదని చెప్పలేక ఒకరోజు మిషన్ పాడైందని, ఇంకోరోజు ఆ రంగు దారం దొరకలేదని నేనూ చెప్తుంటాను. అలాంటి మాటలు నా దగ్గర చెల్లవు. ఏం దాస్తున్నావు?

నువ్వడిగావు కాబట్టి చూశాను. బట్టల అలమరకి కుడిపక్క, నా భుజం ఎత్తులో. ఎప్పుడూ అక్కడే. మొన్న నా కుట్టుబల్ల మీంచి సుద్దముక్క తీసుకెళ్లి అక్కడొక గీత గీశారు. తుడిచేస్తే మళ్లీ గీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ కోసమే చేయిస్తుంటే చిన్నపిల్లాడిలా ఈ రభసేంటి" అని అరిచాను. నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అలా అవడం నేను ఎప్పుడూ చూడలేదు. సిగ్గేసింది. అయినా సుద్దముక్క ఎత్తి దాచేశాను.

గురువారం స్నానం చేయిస్తుంటే ఇద్దరం జారి కింద పడ్డాం. దెబ్బలు తగల్లేదు. సబ్బు నీళ్లలో ఎదురెదురుగా కూర్చున్నాం, ఆయన లేవలేరు, నేను లేపలేను. కాసేపు నవ్వుకున్నాం కూడా. చివరికి ఎదురింటావిడ వచ్చి ఇద్దరినీ లేపింది. ఆయన్ని పడుకోబెట్టి కుట్టుగదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. నవ్వు ఎటుపోయిందో తెలియదు. ఇంకో వారం ఆగే ఓపిక నాకు లేదు తమ్ముడూ.

బుధవారం మధ్యాహ్నం రెండుసార్లు ఫోను మోగింది. ఎత్తితే గాలి హోరు. "ఎవరండీ" అంటే పెట్టేశారు. నువ్వేనా?

మీ అక్క

*

నాలుగో షెడ్డు,
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఆదివారం మీ ఊరు మీదుగానే పోతాడు, నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. ముందు ఇది చదివి మిగతాది తర్వాత చదువు. షవర్ బిగించి ఉంటే వెయ్యొద్దు. వేసి ఉంటే ఇప్పుడే బోర్డులో దాని బ్రేకర్ దించెయ్యి.

దించావా?

ఆ గోడలో అతుకుంది. నేను వేసిందే.

ఇల్లు కట్టేటప్పుడు బావ నాతో, "వైరు తెచ్చే ముందు ఇంకోసారి కొలవరాదూ" అన్నాడు. "నీ ఇటుకలు నువ్వు చూసుకో బావా, నా కొలతలు నేను చూసుకుంటా" అన్నాను. నువ్వు అక్కడే ఉన్నావు. నవ్వి, "చూశారా, మా వాడు ఎంత ఎదిగాడో" అన్నావు. ఆ నవ్వుతో నేను ఇంకో అడుగు పెరిగాను. కొలిచింది నేల మీద. బోర్డు దగ్గర పైకెక్కే పొడవు, స్నానాల గది దగ్గర కిందికి దిగే పొడవు కలపడం మర్చిపోయాను. వైరు లాగాక చూస్తే మీటరున్నర తక్కువ.

మర్నాడు పొద్దున బావ ప్లాస్టరింగు మొదలుపెట్టాలి. వైర్ల కొట్టు రెండు రోజులు మూసేశారు. రెండు రోజులు ఆగు బావా అంటే ఆగేవాడు. కానీ ఎందుకని అడుగుతాడు, కొలత తప్పానని చెప్పాలి. నీ ముందు చెప్పాలి. నా వల్ల కాలేదు.

చివర తక్కువైతే ఎవరికైనా కనబడుతుంది. అందుకని వైరుని మధ్యలో కోశాను. కోసిన ముక్కని స్నానాల గది వైపుకి జరిపాను. మధ్యలో ఖాళీ పడ్డ చోట లైట్లకి వాడగా మిగిలిన సన్న వైరు, రెండున్నర స్క్వేర్, వేసి మెలిపెట్టి టేపు చుట్టాను. బావ భోజనానికి వెళ్లొచ్చేలోగా వైరు కోసం గోడలో కొట్టిన గాడిని నేనే సిమెంటుతో పూడ్చేశాను. బట్టల అలమరకి కుడిపక్క, నీ భుజం ఎత్తులో. సాయంత్రం నువ్వొచ్చి చూసినప్పుడు నవ్వుతూ మోస్తుందన్నాను చూడు, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది.

మొదటి జీతంతో కొత్త వైరు కొని మార్చేద్దామనుకున్నాను. గోడ పగలగొట్టాలంటే కారణం చెప్పాలి. ఏడాదైంది, రెండేళ్లైంది. గీజర్ లాగేది పదమూడు ఆంపియర్లు, సన్న ముక్క దాన్ని మోసేసింది. మోస్తోంది కదా అనుకున్నాను. ఇప్పుడు ముప్ఫై ఏడు. నలభై ఆంపియర్ల బ్రేకర్ పది స్క్వేర్ వైరుని నమ్ముకుని కూర్చుంటుంది. మధ్యలో ఏముందో దానికి తెలియదు, అది పడిపోదు. ముందు అతుకు కాలుతుంది. ఆ అమ్మాయిని ఏమీ అనకు. అంత చిన్న ముక్క ఏ మీటరుకీ దొరకదు.

ఫోను చేసింది నేనే. కొండెక్కి చేశాను. నీ గొంతు వినగానే పెట్టేశాను. ఇవాళ మళ్లీ ఎక్కుతున్నాను, ఈసారి చెప్పేస్తాను. పొద్దున్నుంచీ గాలివాన. ఫోను పలుకుతుందో లేదో, అందుకే ఈ ఉత్తరం.

ఒకటి అర్థమైంది అక్కా. బావ కొడుతున్నది సరిగ్గా ఆ అతుకు మీదే. ఎలా తెలుసో, ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు. ఆయన మొండికెయ్యడం లేదు. నీకు చెప్తున్నాడు.

తమ్ముడు

*

కుట్టుగది,
ఆదివారం

నీ ఉత్తరం మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. అప్పటికే బ్రేకర్ దించేసి ఉంది. ఫోను ఏదీ రాలేదు.

శనివారం షవర్ బిగించారు. ఇవాళ పొద్దున ఆయనకి స్నానం చేయిద్దామంటే నడవాలోంచి కదలరు. చెయ్యి పట్టుకుంటే విదిలించేశారు. సరే, ముందు నేను చేసొస్తే భయం పోతుందిలే అనుకున్నాను. ఆ అమ్మాయి నేర్పినట్టే తాడు లాగి, వేడి సరిచేసుకుని, కింద నిలబడ్డాను.

నిజం చెప్తాను. నాలుగు నెలలుగా నేను స్థిమితంగా స్నానం చెయ్యలేదు. రెండు చెంబులు గుమ్మరించుకుని పరుగు. నీళ్లు మెడ మీద పడుతుంటే కాళ్లు కదల్లేదు. బయట ఆయన "వద్దు, వద్దు" అంటున్నారు. గోడ దబదబా కొడుతున్నారు. వినబడుతూనే ఉంది. ఈ ఒక్కసారి వెళ్లను అనుకున్నాను. ఇరవై నిమిషాలు ఉన్నానేమో. ఇంకా ఎక్కువేనేమో.

బయటికొచ్చేసరికి కొట్టడం ఆపేశారు. గోడకి ఆనుకుని కూర్చుని, ఎడమచెయ్యి పైకి చాపి అరచెయ్యి ఆ చోట ఆనించి ఉంచారు. ముఖమంతా చెమట. లేవండి అని ఆ చెయ్యి తియ్యబోయాను. తియ్యనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని తన చెయ్యి ఉన్నచోట పెట్టారు.

గోడ వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒంటిలా.

తడికాళ్లతో కర్ర అందుకుని ఆ కర్రతోనే బ్రేకర్ కిందికి కొట్టాను. ఏది దేనిదో చూడలేదు, అన్నీ దించేశాను. ఇల్లంతా ఫ్యానులు ఆగిపోయాయి. అప్పుడు ఆయన కళ్లు మూసుకున్నారు.

ఇంతకంటే ఇవాళ రాయలేను. నువ్వు ఇప్పుడు రావద్దు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

*

నాలుగో షెడ్డు,
శుక్రవారం

అక్కా,

ఉత్తరం చేరింది. కొండ మీద రెండు గంటలు నిలబడ్డాను ఆ రోజు. ఫోను పలకలేదు. పోయినసారి పలికినప్పుడు నేను పలకలేదు.

రావద్దన్నావు, రాను. గోడ తెరిచేటప్పుడు ఆ అమ్మాయికి ఇది చెప్పు. అతుకు తీసేసి కొత్త ముక్క కలిపితే చాలనుకోవద్దు. బోర్డునుంచి షవర్‌దాకా పది స్క్వేర్ ఒకే ముక్కగా ఉండాలి. ఎక్కేదీ దిగేదీ కలిపి కొలవమను. కొలిచాక చివర్లకి ఒక మీటరు ఎక్కువ తెప్పించమను.

బావకి ఏం చెప్పాలో తెలియడం లేదు. నా ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. మొత్తం.

తమ్ముడు

*

కుట్టుగది,
గురువారం

తమ్ముడూ,

రెండు వారాలు నీకు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాలుగూ తిట్లే.

గోడ తెరిచాం. ఎక్కడ తెరవాలో మేం వెతుక్కోనక్కర్లేదు. సుద్దముక్క ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను. గీత గీశారు. ఆ అమ్మాయి ఆ గీత వెంబడే సుత్తీ ఉలీ పెట్టింది. నీ టేపు బయటపడింది, మాడిపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. దాని వెనక సిమెంటు కూడా గోధుమరంగు తిరిగి ఉంది. ఆ అమ్మాయి సుత్తి కింద పెట్టి ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసింది. తర్వాత, "ఇంకో రెండు మూడు స్నానాలమ్మా" అని మాత్రం అంది. పక్కనున్నవి బట్టల అలమరా, నా కుట్టుగుడ్డల మూటలూ అని నీకు గుర్తు చెయ్యనక్కర్లేదు.

కొత్త వైరు తెచ్చే ముందు నా కొలత టేపుతో నేనే కొలిచాను, ఎక్కేదీ దిగేదీ. ఒకే ముక్క. ఒక చివర నేను పట్టుకున్నాను, ఇంకో చివర ఆ అమ్మాయి లాగింది.

నీ ఉత్తరం ఆయనకి మొత్తం చదివి వినిపించాను. నువ్వు కొలత తప్పానన్న చోట ఆయన తలూపారు. "మీకు తెలుసా?" అన్నాను. తెలుసన్నట్టు కళ్లు మూసి తెరిచారు. "ఎప్పటినుంచి? ఆ రోజునుంచేనా?" అవునన్నట్టు మళ్లీ తలూపారు. ఎలాగో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. ఓపిక పట్టి ఒక్కొక్కటే అడిగాను, ఆయన తల అడ్డంగా ఊపుతూ పోయారు. చివరికి లేచి, ఆ అమ్మాయి పగలగొట్టిన సిమెంటు పెళ్ల ఒకటి, పక్క గోడ పెళ్ల ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. రంగు వేరు. నువ్వు కలిపిన సిమెంటు, ఆయన కలిపిన సిమెంటు. నువ్వు పూడ్చిన మర్నాడు పొద్దున రంగు తేడా చూసి, తవ్వి, అతుకు చూసి, మళ్లీ కప్పేసి, దాని మీద ప్లాస్టరింగు చేసేశారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. వేలు నా వైపు చూపించారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ నా వైపే చూపించి, ఎడమచేత్తో నా చెంప తట్టారు.

ఆ రోజు నేను వీధిలో వాళ్లందరినీ పిలిచి నీ బోర్డు చూపించాను, గుర్తుందా? ఆ సంబరం చెడగొట్టడం ఇష్టంలేక ఆయన ఊరుకున్నారు. ఆ సంబరం చూసే నువ్వూ చెప్పలేకపోయావు. నేను బాధపడతానని ఇద్దరు మగవాళ్లు కలిసి నన్ను పదేళ్లు ఆ గోడ పక్కన తిప్పారు. నేనేమైనా గాజుబొమ్మనా తమ్ముడూ? రోజూ అతుకులు వేసుకుని బతికేదాన్ని. గుడ్డ చాలకపోతే అతుకు వేస్తాను, ఎక్కడ వేశానో గిరాకీకి చూపించి మరీ ఇస్తాను. నన్ను అడిగి ఉంటే రెండు రోజులు ప్లాస్టరింగు ఆపించేదాన్ని. అంతే కదా.

నీ మీద కోపం ఉంది. ఆయన మీదా ఉంది, మాటలేని మనిషి కదాని తగ్గించుకోలేదు, ముఖం మీదే చెప్పాను. విన్నారు. నా మీద కూడా ఉంది. నాలుగు నెలలుగా ఆ మనిషి నోట్లో ఉన్నది ఒక్క మాట. ఆ ఒక్కటీ నేను వినలేదు.

గాడి పూడ్చడానికి తాపీ మేస్త్రిని పిలుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. కుర్చీ వేయించుకుని, ఎడమచేత్తో తాపీ పట్టుకుని, మూడు రోజులు తనే చేశారు. సిమెంటు నేను కలిపాను. ఆయన జీవితంలో ఇంత వంకర గోడ చేసి ఉండరు. ఆ అమ్మాయి సాపు చెయ్యబోతే తాపీ అడ్డం పెట్టారు. అలాగే ఉంచాం.

నిన్న మొదటిసారి ఆయన షవర్ కింద స్టూలు మీద కూర్చున్నారు. వేడి సరిచేసి పెట్టాను. నేను పట్టుకోబోతే, చేతి షవర్ లాక్కుని నన్ను తలుపు వైపు తోశారు. బయటే నిలబడ్డాను, పడిపోతారేమోనని. పడలేదు. నీళ్ల చప్పుడు వస్తూనే ఉంది. కాసేపు గోడ మీద చెయ్యి ఆనించి చూశాను, చల్లగానే ఉంది. తర్వాత మిషన్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన పిలిచేలోగా ఒక చొక్కాకి రెండు చేతులూ కుట్టేశాను.

సొరంగం రెండు వైపులా కలిశాక సెలవిస్తారు కదా, అప్పుడు రా. ఈ పదేళ్లలో నువ్వు ఈ ఇంట్లో ఒక్క రాత్రికి మించి ఉండలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. అలా ఒక్క రాత్రికయితే మాత్రం రావద్దు. నిన్ను తిట్టడానికి నాకు కనీసం వారం రోజులు కావాలి.

అక్క